కర్పూరం మీద రెండో మాట

మంట ఎక్కడ మొదలైందని అడిగితే మా ఊళ్లో అందరూ పిప్పికుప్ప దగ్గర అంటారు. నేను ఒప్పుకోను. అది బెల్లం పాకం దగ్గర మొదలైంది. నాకు అనుమానం ఎక్కువని మా ఆయన అంటాడు. అనుమానం లేని ఇంట్లో పాలలో సగం నీళ్లు పోసినా ఎవరికీ తెలియదని నేనంటాను.

ఇది తెలుగులో రాస్తున్నాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. మా ఇళ్లలో తెలుగే మాట్లాడుకుంటాం, గడప దాటితే తమిళం. ఈ అక్షరాలు చదవగలిగినవాళ్లు మాత్రం మా ఊళ్లో నేను తప్ప లేరు. నా పుట్టిల్లు హోసూరు పక్క, అక్కడ తెలుగు బడి ఉండేది. ఈ కాగితాలు మా అత్త చేతికి దొరికినా తిరగేసి చూసి మళ్లీ అక్కడే పెట్టేస్తుంది. దొరకనివ్వను, అది వేరే సంగతి.

కడత్తూరు సంతకు బెల్లం పంపే ఇళ్లలో మాది ఒకటి. సొంత చెరకు, సొంత గానుగ, కొట్టంలో పెద్ద పెనం, దాని కింద లోతైన పొయ్యి. చెరకు పిండగా మిగిలిన పిప్పిని ఎండబెట్టి కొట్టం పక్కన కుప్ప వేస్తాం. ఆ పిప్పినే పొయ్యిలో వేసి రసం కాస్తాం. కట్టెలు కొనే పని లేదు. అందుకే మాకు రసం ఎంతో పిప్పీ అంతే. కుప్ప పోయిందంటే ఆ ఏడు చెరకు నిలువునా ఎండాల్సిందే.

మాసి నెల, అంటే శివరాత్రి వచ్చే నెల, ఎండలు మొదలయ్యాక ఒక వారం బెల్లం ఉండ కట్టడం మానేసింది. పాకం చూడటానికి బాగానే ఉంటుంది, రంగు బాగానే ఉంటుంది, తొట్టిలో పోసి ఆరబెట్టి చేతిలోకి తీసుకుంటే జిగటగా వేళ్లకు పట్టుకుంటుంది. ఉండ చేసి పెడితే కాసేపటికి చెప్పకుండా చతికిలబడుతుంది. కోసిన చెరకు ఎండలో పడి ఉండటం వల్ల అలా అయిందని మా ఆయన అన్నాడు. అంతకుముందు ఏళ్లలో చెరకు ఎండలో పడి ఉండలేదా? అప్పుడు కట్టిన ఉండ ఇప్పుడెందుకు కట్టదు? ఇలాంటివి అడిగితే ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోతాడు.

నాకు మాత్రం జవాబు తెలుసు. సరిగ్గా ఆ వారం మొదట్లోనే మా పెద్ద తోడికోడలు కొట్టంలోకి వచ్చింది. అంటే మా బావగారి భార్య, నేను అక్కా అని పిలిచే మనిషి. అన్నదమ్ములు భాగాలు పంచుకుని చాలాకాలమైంది. గానుగ మాకు వచ్చింది, కొట్టం వెనకాల ఉన్న చేను వాళ్లకు వెళ్లింది. పంచుకోలేనిది బావి ఒక్కటే. అందుకని నీళ్లు వంతులవారీగా వాడుకుంటాం, ఒకనాడు మాకు, ఒకనాడు వాళ్లకు. ఆ ఏడు వాళ్లు చేను నిండా టమాటా పెట్టారు. అక్క వచ్చి పెనం అంచున ఉన్న పాకం వేలితో తీసి నాక్కుని, "రంగు బాగా వచ్చిందే" అని నవ్వి వెళ్లిపోయింది. బాగుంది అన్న మాట వింటే నాకు భయం. బాగాలేదంటే ఏం కాదు. బాగుంది అన్నాకే ఏదో ఒకటి అవుతుంది.

ఆ మాట నేను మా అత్తతో అన్నాను. అత్త మా దగ్గరే ఉంటుంది, చిన్న కొడుకు ఇల్లే తన ఇల్లంటుంది. ఎనభై దాటినా కళ్లు తప్ప అన్నీ బాగా పనిచేస్తాయి, నోరు ఇంకా బాగా పనిచేస్తుంది. ఆమె నా మాట విని ఊఁ కొట్టింది, అంతే. ఆ ఊఁకు ఇంత అర్థం ఉందని నేననుకోలేదు.

తర్వాత ఒకరోజు గానుగ బెల్టు తెగింది. మా ఆయన దాన్ని పట్టుకుని ధర్మపురి వెళ్లాడు. కూలీలు ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాత గొడవంతా దీని మీదే నడిచింది.

మధ్యాహ్నం నేను వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను. గాలిలో పాకం పొంగి పొయ్యిలో పడ్డ వాసన వచ్చింది. తియ్యగా, కాస్త మాడుగా. మా ఇళ్లలో రోజూ ఉండే వాసనే కాబట్టి ముందు పట్టించుకోలేదు. ఆ తర్వాత, బెల్టు లేదు, రసం లేదు, మరి ఈ వాసనేమిటని తట్టింది. అప్పుడు కూడా నిప్పు గురించి ఆలోచించలేదు. మేం లేనప్పుడు మా పొయ్యి ఎవరో వాడుకుంటున్నారని అనుకున్నాను. పట్టుకుందామనే పరిగెత్తాను.

కొట్టం దగ్గరికి వెళ్తే ఎవరూ లేరు. కుప్ప కూడా మామూలుగానే ఉంది. దాని పైన గాలి మాత్రం కదులుతోంది, ఎండలో తారురోడ్డు మీద కదిలినట్టు. పొగ కూడా లేదు. పిప్పి మంట ముందుగా బయటికి రాదు. అడుగున ఎక్కడో అంటుకుని, లోపల్లోపలే తిని, గుల్ల చేసుకుంటూ పోతుంది. మనకు కనపడేసరికి సగం అయిపోయి ఉంటుంది. నేను చూస్తుండగానే కుప్ప వెనక భాగం నోరు తెరిచినట్టు లోపలికి కుంగింది. ఆ బొందలోంచి మంట మనిషెత్తు లేచింది. దాని చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది, వందమంది ఒకేసారి కొత్త బట్ట చింపుతున్నట్టు.

అరిచాను. ఎంత అరిచానంటే రెండు రోజులు గొంతు రాలేదు. ఊరు ఊరంతా వచ్చింది. మోటరు వేద్దామంటే చేలకు ఇచ్చే కరెంటు అప్పటికే పోయింది. కానుగ కొమ్మలు విరిచి కొట్టాం, మట్టి పోశాం. కొండ వైపు నుంచి వచ్చే గాలి మంటను కుప్ప మీంచి తీసి కొట్టం కప్పు మీద పెట్టింది. తాటాకు కప్పు ఎంతసేపు ఉంటుంది? ఫైర్ ఇంజను వచ్చింది కానీ బండిబాట ఇరుకు, మలుపు దగ్గరే ఆగిపోయింది. వాళ్లు పైపులు లాక్కుని వచ్చేసరికి కాలాల్సింది కాలిపోయింది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడంటారు. ఇప్పుడు చుట్ట అడగరు, సెల్లు తీసి వీడియో పడతారు. ఒకతన్ని నేనే చేతిలో ఉన్న కొమ్మతో కొట్టాను.

ఆర్పడానికి అందరికన్నా ముందు వచ్చింది ఎవరనుకున్నారు? అక్కే. తన చేనులో ఉన్న సిమెంటు తొట్టిలోంచి బిందెలతో నీళ్లు మోసింది. చీర అంచు కాలింది కూడా. అందరూ ఆమెను మెచ్చుకున్నారు. నేను మాత్రం ఇంత తొందరగా ఎలా వచ్చింది అనుకున్నాను.

మంట ఆరిందని జనం వెళ్లిపోయారు గానీ అది ఆరలేదు. పైన తెల్లటి బూడిద, నీళ్లు పోసిన చోట అట్ట కట్టింది. కర్ర గుచ్చితే లోపల ఎర్రగా ఉంది. ఇంకా కొన్నాళ్లు అలాగే ఉంది. రోజూ పొద్దున్నే వెళ్లి కర్రతో పొడుస్తూ కూర్చునేదాన్ని. మా ఆయన కొట్టం మొండి గుంజల వైపు చూడలేక అటు రావడమే మానేశాడు. చేలో నరకాల్సిన చెరకు ఈటెల్లా నిలబడి ఉండేది. ఏడుపు వచ్చేది, ఏడుపుతోపాటు కోపం వచ్చేది. కోపం వస్తే నాకు బుర్ర బాగా పనిచేస్తుంది.

పొయ్యి వెలిగించని రోజు నిప్పెక్కడిది? ఎవరో తెచ్చి పెట్టాలి. కుప్ప ముందు వైపు ఆఖర్న కాలింది, వెనక వైపు అడుగున ముందు కాలింది. వెనకాల అంటే అక్కవాళ్ల చేను గట్టు. ఆ గట్టు మీద అక్క రోజూ మధ్యాహ్నం మేకలు మేపుతుంది, పొద్దు వాలేదాకా అక్కడే ఉంటుంది. ఇంతవరకు నా అనుమానమే అనుకుందాం. పక్క చేలో కలుపు తీసే ఆమె ఒకరోజు దారిలో కలిసి ఇంకో మాట చెప్పింది. ఆ రోజు మంటకు ముందు అక్క ఉన్నట్టుండి మేకల్ని గబగబా తోలుకుని వెళ్లిపోయిందట. ఏమ్మా ఇంత తొందరగా అని పిలిచినా తల తిప్పకుండా, నేల చూపులు చూస్తూ వెళ్లిపోయిందట.

ఇంకేం కావాలి? నిప్పు లేనిదే పొగ రాదు. కాలబోయే చోటి నుంచి తన మేకల్ని ముందుగా ఎవరు తప్పిస్తారు? కాలుతుందని తెలిసినవాళ్లే కదా.

బావి దగ్గర అక్క ఒక్కతే దొరికినప్పుడు, ఆ పొద్దు మేకల్ని తొందరగా తోలుకెళ్లావట కదా అని మామూలుగా అడిగాను. ఆమె చేతిలో బిందె జారి రాయి మీద పడింది. "ఎవురు చెప్పినారు?" అంది. ఎందుకు తోలుకెళ్లానో చెప్పలేదు, అబద్ధమని కూడా అనలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే అని ఇంటికి వచ్చి మా ఆయనతో అన్నాను. మా ఆయన మొదటిసారి నా అనుమానాన్ని కొట్టిపారేయలేదు. కాలిన కొట్టం ఆయన బుర్రలో కూడా పొగ పెడుతూనే ఉంది.

మా అత్తకయితే మొదటి రోజు నుంచే సందేహం లేదు. పెద్ద కోడలి కన్ను మంచిది కాదని ఆమె పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టానని చెప్పేది.

మా ఆయన వెళ్లి బావ గడప ముందు నిలబడి అడిగాడు. బావ కొట్టబోయాడు. నలుగురూ అడ్డుపడి విడదీశారు. పోలీసు కేసు పెడతానని మా ఆయన, పెట్టుకో అని బావ. ఊరిపెద్ద ఇద్దర్నీ కూర్చోబెట్టి, పోలీసుల దగ్గరికి పోతే అన్నదమ్ములు మళ్లీ ఒక వీధిలో ఉండలేరు, ముందు మారెమ్మ గుడిలో కర్పూరం ఆర్పించండి అన్నాడు. ఆమె సత్యం చేస్తే మాట ముగిసింది. చేయకపోతే బావిలో వాళ్ల వంతు పోతుంది. మా ఆయన ఒప్పుకున్నాడు, బావ కూడా ఒప్పుకున్నాడు. తన భార్య చేస్తుందని ఆయనకు అంత నమ్మకం.

అప్పటికి వాళ్ల టమాటా పూతకు వచ్చింది. ఆ ఎండల్లో నాలుగు వంతులు నీళ్లు తప్పితే ఒక్క మొక్క మిగలదు. అప్పు తెచ్చి పెట్టిన తోట అని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. జాలి పడలేదు. నా కుప్ప మీద ఎవరు జాలిపడ్డారు?

మా వైపు ఈ సత్యానికి ఒక పద్ధతి ఉంది. అమ్మవారి ముందు బండ మీద కర్పూరం వెలిగిస్తారు. సత్యం చేసేవాళ్లు రెండు మాటలు చెప్పాలి. ఈ పని నేను చేయలేదు అనేది మొదటిది. చేసినవాళ్లెవరో నాకు తెలియదు అనేది రెండోది. రెండూ చెప్పి, మండుతున్న కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పాలి. అబద్ధమయితే ఆ చెయ్యీ ఆ ఇల్లూ బాగుపడవు. ఇళ్లలో చిన్నచిన్న తగాదాలకు ఎవరూ అంత దూరం పోరు. నిజం చెప్పేవాళ్లు కూడా కర్పూరానికి భయపడతారు.

పొద్దున్నే తలంటుకుని తడి జుట్టుతో వచ్చింది అక్క. ముఖం పీక్కుపోయింది. మా అత్త కూడా వస్తానని పట్టుబడితే ఆటోలో తీసుకొచ్చాం. గుడి మెట్టు మీద కూర్చోబెట్టాం. తెలుగులో చెప్పవచ్చా అని బావ అడిగితే, అమ్మవారికి ఏ భాషయితే ఏముందని పూజారి కర్పూరం వెలిగించాడు.

అక్క చెయ్యెత్తింది. "నేను నిప్పు పెట్టలేదు" అంది, గట్టిగా, స్పష్టంగా. గుడిలో అందరికీ వినపడింది.

రెండో మాట కోసం అందరం చూస్తున్నాం. ఆమె పెదాలు కదిలాయి, మాట రాలేదు. పూజారి అందించాడు, పెట్టినవాళ్లు ఎవరో తెలియదని చెప్పమ్మా అని. ఆమె కర్పూరం వైపు చూస్తోంది. బావ ముఖం నల్లబడిపోయింది, చెప్పవే, చెప్పవే అని గొణిగాడు. చెయ్యి అలా గాలిలోనే ఉంది. కర్పూరం కరిగి, నీలంగా అయి, బండ మీద చిన్న మసి మచ్చ వదిలి దానంతట అదే ఆరిపోయింది.

అప్పుడు నాకు వచ్చిన సంతోషం గురించి ఏం చెప్పను. చూశారా, చూశారా అని నేను అందరి వైపూ తిరిగాను. బావ తల పట్టుకుని స్తంభానికి ఆనుకున్నాడు. ఒక్క నిమిషం ఆగమని ఊరిపెద్ద చెయ్యి చూపించి, మళ్లీ కర్పూరం పెట్టమన్నాడు. ఆడమనిషి భయపడి ఉంటుంది, ఇంకో అవకాశం ఇద్దాం అన్నాడు. పూజారి రెండో బిళ్ల వెలిగించాడు. అక్క మళ్లీ చెయ్యెత్తలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. చూపు మాత్రం మెట్టు మీద కూర్చున్న మా అత్త వైపు ఒకసారి వెళ్లి వచ్చింది.

ఆ చూపు అత్తకు కనపడిందో లేదో. మెట్టు మీద నుంచి కర్ర ఊతంతో లేచి నిలబడింది. "ఏమే, నోరు రాదా? యాడొస్తాది? నీ కన్ను పడినాక పాకం చెడె. పెనానికి నేను నా చేతులతో దిష్టి తీస్తిని. మిరపకాయలు అన్ని మాడినా ఒక్క తుమ్ము రాలేదు, అంత దిష్టి! తీసి కుప్ప ఎనకాల పారేసి వచ్చినా నీ కన్ను వదలకపాయె. కడాకు నిప్పే పెడితివి."

మిరపకాయల దిష్టి ఎలా తీస్తారో అక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు. పెంకులో నిప్పులు వేసి, వాటి మీద ఎండు మిరపకాయలు, ఉప్పు, ఆవాలు వేసి తిప్పుతారు. పూజారి నా వైపు చూశాడు, ఊరిపెద్ద నేల వైపు చూశాడు.

"ఎప్పుడు తీసినావు అత్తా?" అని అడిగాను.

"బెల్టు తెగిన పొద్దు. మొగోళ్లు లేరు గదా అని. రాత్రి నిప్పులు బూడిద కింద ఇంకా ఉండె, వాటినే తీసుకొంటిని."

"పారేసినాక చూసినావా?"

ఆమెకు కోపం వచ్చింది. "దిష్టి పారేసి ఎవురన్నా ఎనక్కి చూస్తారా? ఏం నేర్పించింది మీ అమ్మ నీకు?"

నిజమే. దిష్టి పారేసినవాళ్లు వెనక్కి తిరిగి చూడకూడదు, దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోవాలి. మూడు దార్లు కలిసే చోటిదాకా నడవలేక, ఎవరి కాలూ పడని చోటని కుప్ప వెనక పారేసిందట. ఇంటికి వచ్చి పెరట్లో తీరుబడిగా కాళ్లు కడుక్కోవడం నేను చూశాను. పాలవాణ్ని, చెరకు నరికేవాణ్ని, నా తోడికోడల్ని, కట్టుకున్న మొగుణ్ని అనుమానించిన నాకు, మిట్టమధ్యాహ్నం ముసలామె మడమలు రుద్ది రుద్ది కడుక్కుంటుంటే మాత్రం ఏ అనుమానమూ రాలేదు.

దిష్టి నిప్పు ఒకరికి కీడు చేస్తుందని మా అత్త బుర్రకు ఎక్కదు. అది కీడును తీసే నిప్పు. చెప్పాల్సింది చెప్పేసి, గెలిచినట్టుగా మెట్టు మీద మళ్లీ కూర్చుంది. తను ఏం చెప్పిందో ఆమెకు తెలియలేదు.

ఊరిపెద్ద నోరు తెరవబోయాడు. అంతలో అక్క వంగి, ఏ మాటా చెప్పకుండా, మండుతున్న రెండో కర్పూరాన్ని అరచేత్తో టప్పున కొట్టి ఆర్పేసింది. అంతే గట్టిగా, "అయిపోయింది, ఇంటికి పదండి, అత్తకు ఎండ తగులుతాది" అంది. ఊరిపెద్ద తెలివైనవాడు. నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత, అమ్మవారి ముందు కర్పూరం ఆరింది, మాట ముగిసింది, నీళ్ల వంతు ఎప్పటిలాగే అన్నాడు. మా ఆయన సరేనని తలూపాడు. బావ పెళ్లాం చెయ్యి పట్టుకుని అరచేయి ఊదుతున్నాడు, ఏడుస్తున్నాడు.

అత్తను ఆటో ఎక్కించి మేమిద్దరం వెనకాల నడిచాం. నాకు క్షమాపణలు చెప్పడం రాదు. ఎవరైనా నా చోట ఉంటే అనుమానించేవాళ్లే అని నాకిప్పటికీ అనిపిస్తుంది. చాలాసేపు నడిచాక, నువ్వు చూశావా అని మాత్రం అడిగాను. చూసిందట. పొగలు కక్కే పెంకు పట్టుకుని అత్త కొట్టంలోంచి కుప్ప వెనక్కి వస్తుంటే, అది తన కంటి మీద తీసిన దిష్టే అని అక్కకు వెంటనే అర్థమైందట. ఎదురుపడితే ముసలామె సిగ్గుపడుతుందని, ఆ దిష్టి తొక్కితే మేకలకు చుట్టుకుంటుందని, వెనుదిరిగి తోలుకుని పోయిందట. నిప్పు అంటుకుంటుందని ఆమె మాత్రం ఏం కలగన్నది?

మరి నోరు తెరిచి చెప్పి ఉండవచ్చు కదా అన్నాను. ఇంత గొడవ, ఇన్ని మాటలు, తోట పోయేది, నీ కాపురమే పోయేది. కోపంగానే అడిగాను. నాకు ఇంకో విధంగా అడగడం చేతకాదు.

"దూడ బావిలో పడినప్పుడు మరిచిపోయినావా?" అంది అక్క.

మరిచిపోలేదు. అత్త పెరటి తడిక వేయడం మరిచిపోతే ఒక దూడ వెళ్లి బావిలో పడి చచ్చిపోయింది. అది తెలిసిన రోజు నుంచి అత్త అన్నం ముట్టలేదు. కొడుకులు ఇద్దరూ కాళ్లు పట్టుకున్నా ముట్టలేదు. నిమ్మరసం చెంచాతో పోసి, సెలైను పెట్టించి, ఎలాగో బతికించాం. ఆ దూడ కోసమే అంత చేసిన మనిషి, కన్న కొడుకు గానుగ తన చేత్తో కాల్చానని తెలిస్తే? అక్కకు ఆ లెక్క నిప్పు చూసిన రోజే తెలుసు. అత్త రోజూ తనను తిడుతుందని కూడా తెలుసు.

నాకు ఏడుపు వచ్చింది. రోడ్డు మీద ఏడవడం నాకిష్టం లేదు, కొంగు నోట్లో కుక్కుకున్నాను. అక్క నన్ను ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే మంచిదయింది.

ఇంటికి వచ్చాక అత్త మంచం మీద కూర్చుని నా కోసం చూస్తోంది. జనం చప్పుడులో చివర ఏం జరిగిందో తనకు సరిగా తెలియలేదంది. "ఆర్పిందా సూడం?" అంది. కర్పూరాన్ని ఆమె సూడమనే అంటుంది.

ఆర్పిందన్నాను.

"రెండు మాటలూ చెప్పి?"

రెండు మాటలూ చెప్పి ఆర్పిందన్నాను. అంతకు మించి ఏం చెప్పాలి? అత్త గుండె మీద చెయ్యి పెట్టుకుంది. పెద్ద కోడలు నిప్పు పెట్టలేదని తెలిసి నిజంగానే ఊరట పడింది పాపం, ముఖంలో కనపడింది. తన కొడుకు ఇంటిది అలాంటి పని చేయలేదని రెండుసార్లు అనుకుంది. అమ్మవారు నిజం చూపించిందంది. నేను కుండలోంచి మజ్జిగ పోసి తెచ్చాను. గ్లాసు అందుకోబోతూ ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఆమె కాదంటే ఇంకెవురు?" అంది. "ఆ పొద్దు మొగోళ్లు లేరు, కూలోళ్లు లేరు. ఇంట్లో ఉండింది నువ్వూ నేనూ. నేను కాదు."

నా వైపు చూసింది. మసక కళ్లు, అయినా ఆ చూపు నాకు బాగా తెలుసు. అద్దంలో నేను రోజూ చూసే చూపే అది.

నేను కాదని చెప్పాలంటే, చేసిందెవరో చెప్పాలి. చెప్పలేక, మజ్జిగ తాగత్తా అన్నాను. ఆమె గ్లాసు పక్కన పెట్టింది. నేను కాదనకపోవడంతో, నిప్పు పెట్టింది నేనేనని ఆమెకు ఖాయమైపోయింది.

ఆ మంట తర్వాత రెండు చెరకు పంటలు అయ్యాయి. కొట్టం మళ్లీ వేసుకున్నాం, ఈసారి రేకుల కప్పు. ఊళ్లో అందరికీ అసలు సంగతి తెలుసు, ఎవరూ ఆమె చెవిన వేయలేదు. అత్త నన్ను ఎవరి ముందూ ఒక్క మాట అనలేదు, కోడల్ని బజారుకు ఈడ్చే మనిషి కాదు. నా చేతి వంట తింటుంది, జబ్బు చేస్తే నన్నే పిలుస్తుంది. కానీ ఇంట్లో ఉన్న అగ్గిపెట్టెలన్నీ ఆమె కొంగు ముడిలోనే ఉంటాయి. గ్యాసు పొయ్యి లైటరు కూడా దాచేసింది. పొద్దున్నే కాఫీకి నీళ్లు పెట్టి నేను పిలుస్తాను. కర్ర తాటించుకుంటూ వస్తుంది, ముడి విప్పుతుంది, నన్ను పక్కకు జరగమని తానే పుల్ల గీసి వెలిగిస్తుంది. మళ్లీ ముడేసుకుని, నా చేతుల వైపు ఒకసారి చూసి వెళ్తుంది.